గుజ్జు కోసం గగనయానం

‘మోకాళ్ళలో గుజ్జు అరిగిపోయిందండీ...’

ఎక్స్‌రేని వెలుతురుకి ఎత్తిపట్టి డాక్టరు ఈ ఒక్క ముక్క అంటే చాలు, ఆ ఇంట్లో ప్రతి ఒక్కరూ వైద్యులైపోతారు. ఒకరు నువ్వులనూనె మర్దన అంటారు. ఒకరు పక్క ఊళ్ళో ఆకుపసరు పోస్తారట అంటారు. ఎదురింటావిడ మోకాలి పట్టీ తెచ్చి చేతిలో పెడుతుంది. ఇక అమెరికాలో ఉన్న అబ్బాయైతే ఫోన్లో ‘స్టెమ్‌సెల్స్’ అంటాడు. కోత లేదు, కుట్లు లేవు, ఒక్క ఇంజెక్షనుతో అరిగిన గుజ్జు మళ్ళీ పెరుగుతుందట... కాకపోతే విమానం ఎక్కాలి!

ఇది ఎవరి ఇంటి సంగతో కాదు. మా పెద్దమ్మ ఇంటి సంగతే.

తెనాలిలో ఉంటుంది మా పెద్దమ్మ. అరవై ఏడేళ్ళు. రెండు మోకాళ్ళూ నొప్పులే. ఒకప్పుడు ఆవిడ కత్తిపీట ముందు కూర్చుందంటే పెళ్ళివారందరికీ సరిపడా కూరలు తరిగిగానీ లేచేది కాదు. ఇప్పుడు పీట మీద కూర్చోవడమే మానేసింది, కూర్చుంటే లేవలేదు గనక. పాత బాత్రూమ్ పగలగొట్టించి కమోడ్ పెట్టించారు. శుభకార్యానికి వెళితే ముందు కుర్చీ ఎక్కడుందో చూసుకుని తర్వాత అమ్మాయిని పలకరిస్తుంది. మొన్న వేసవిలో తిరుమల వెళ్ళినప్పుడు అలిపిరి దగ్గర మెట్లకు దండం పెట్టి బస్సెక్కేసింది. ఆ 3,550 మెట్లనీ పెళ్ళయిన కొత్తలో చంకన పిల్లాడితో ఎక్కిన మనిషి! ఆ పిల్లాడే ఇప్పుడు డల్లాస్‌లో ఉన్న మా అన్నయ్య.

అన్నయ్య ఓ క్లినిక్ వాళ్ళ పుస్తకం పంపించాడు. అది అమెరికాలోది కాదు, వేరే దేశంలోది. సముద్రం ఒడ్డున తెల్లటి భవనం, నవ్వుతూ టెన్నిస్ ఆడుతున్న ముసలాయన, ‘ముందు... తరువాత’ అంటూ రెండు ఎక్స్‌రేలు. రెండు మోకాళ్ళకీ వైద్యం, ఇద్దరికి టిక్కెట్లు, పదిరోజుల బస... అన్నీ కలిపి లెక్కేస్తే పద్నాలుగు లక్షలు తేలింది. సగం అన్నయ్య పెట్టుకుంటానన్నాడు. మిగిలిన సగానికి ఊరి చివర ఉన్న స్థలం అమ్మేద్దామన్నాడు పెదనాన్న. ఆ స్థలం మనవరాలి పెళ్ళికని ఉంచింది.

‘‘ఏమే, నువ్వు పేపర్లో రాస్తావుగా. ఇది నిజమో కాదో కనుక్కుని చెప్పు. ఆ తర్వాతే అమ్మకం సంగతి’’ అంది పెద్దమ్మ. ఈ వ్యాసం అలా మొదలైంది.

అసలీ గుజ్జు ఏమిటి?

మనం గుజ్జు అంటాంగానీ అది గుజ్జులా ఉండదు. లేత కొబ్బరిలా తెల్లగా, నున్నగా, గట్టిగా ఉంటుంది. వైద్యులు మృదులాస్థి అంటారు. తొడ ఎముక చివర, కాలి ఎముక పైన, చిప్ప వెనకాల కొద్ది మిల్లీమీటర్ల మందాన అతుక్కుని ఉంటుంది. ఎముక ఎముకా రాసుకోకుండా కాపాడేది అదే. మామూలుగా నడుస్తున్నప్పుడు ఒక్కో అడుగుకీ మన బరువుకి రెండున్నర, మూడు రెట్ల భారం మోకాలి మీద పడుతుంది. మెట్లెక్కితే ఇంకా ఎక్కువ. ఇన్నేళ్ళపాటు అంత భారం మోసే ఆ పొరకి రక్తనాళాలు ఉండవు! నరాలూ ఉండవు. అందుకే అరుగుతున్నప్పుడు మొదట్లో తెలియదు. అందుకే అరిగాక మళ్ళీ పూడదు. చర్మం తెగితే రక్తం వచ్చి, పక్కు కట్టి మానుతుంది. గుజ్జుకి ఆ భాగ్యం లేదు.

ఈ మాట చెప్పి చాలాకాలమే అయింది. లండన్‌లో శరీర నిర్మాణశాస్త్రం బోధించిన విలియం హంటర్ 1743లోనే రాశాడు, గుజ్జు ఒకసారి పాడైతే తిరిగి రాదని. రెండున్నర శతాబ్దాలు ఎవరూ దాన్ని కాదనలేకపోయారు.

1994లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ వైద్యులు మాట్స్ బ్రిట్‌బర్గ్, లార్స్ పీటర్సన్ బృందం ఒక కబురు చెప్పింది. రోగి మోకాల్లోంచే కొద్దిగా మంచి గుజ్జు తీసి, అందులోని కణాలను ప్రయోగశాలలో పెంచి, గుంత పడిన చోట తిరిగి నాటారు. 23 మందికి చేస్తే చాలామందికి గుణం కనిపించింది. ప్రపంచం మొత్తం అటు తిరిగింది. ‘పునరుత్పత్తి వైద్యం’ అనే మాట మోకాలి దగ్గరకు వచ్చింది అప్పుడే. అయితే ఇక్కడో మెలిక ఉంది. ఆ రోగులు ఎక్కువగా చిన్నవయసు వాళ్ళు. దెబ్బ తగిలో, ఆటలోనో మోకాల్లో ఒకచోట గుంతపడిన వాళ్ళు. రోడ్డు మీద ఒక గుంత పూడ్చడం వేరు, రోడ్డంతా కొట్టుకుపోతే వేయడం వేరు. పెద్దమ్మది రెండో రకం. ఈ తేడాని ఆ రంగురంగుల పుస్తకంలో ఎక్కడా రాయలేదు.

ఇక మూలకణాలు. తుంటి ఎముకలోని మజ్జ నుంచి, పొట్ట దగ్గరి కొవ్వు నుంచి, లేదా ఎవరికో కాన్పయినప్పుడు దాచిన బొడ్డుతాడు నుంచి వీటిని తీస్తారు. అలాగే వడగట్టి అదేరోజు మోకాల్లోకి ఎక్కించడం ఒక పద్ధతి. ప్రయోగశాలలో కొన్ని వారాలు పెంచి, కోట్లలో చేసి ఎక్కించడం ఇంకో పద్ధతి. లోపలికెళ్ళిన కణాలు గుజ్జుగా మారిపోతాయని మొదట్లో అందరూ ఆశపడ్డారు. కానీ అవి అక్కడ ఎక్కువకాలం నిలవడం లేదని తేలింది. ఉన్నంతసేపు వాపు తగ్గించే రసాయనాలు వదులుతాయి, అంతే. 1991లో వీటికి ‘మెసెంకైమల్ స్టెమ్‌సెల్స్’ అని పేరు పెట్టిన అమెరికా శాస్త్రవేత్త ఆర్నాల్డ్ కాప్లానే 2017లో ఆ పేరు మార్చేయండి మొర్రో అని వ్యాసం రాశాడు. ‘స్టెమ్‌సెల్’ అనడం వల్ల జనం లేనిపోని ఆశలు పెంచుకుంటున్నారని ఆయన బాధ. పేరు పెట్టినాయనే పేరు మార్చమన్నాడు. పేరు మారలేదు!

విమానం ఎందుకెక్కాలి?

మంచి ప్రశ్న. వైద్యం అంత గొప్పదైతే డల్లాస్‌లోనే చేయించొచ్చుగా? అమెరికాలో లేని డాక్టర్లా?

అసలు కిటుకు చట్టంలో ఉంది. మన కణాలు మన ఒంట్లోంచి తీసి, పెద్దగా మార్చకుండా అదేరోజు ఎక్కిస్తే ఒక లెక్క. ప్రయోగశాలలో వారాలపాటు పెంచితే అది మందు కిందకి వస్తుందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పట్టుబట్టింది. మందు అంటే పరీక్షలు చేయాలి, రుజువులు చూపాలి, అనుమతి తెచ్చుకోవాలి. ‘నా కణాలు నావి, మధ్యలో మీరెవరు?’ అంటూ కొలరాడోలోని ఒక వైద్యసంస్థ కోర్టుకెక్కింది. 2014లో వాషింగ్టన్ అప్పీళ్ళ కోర్టు ఎఫ్‌డీఏదే సరైన మాట అంది. ఆ పద్ధతి తర్వాత ఎక్కడ దొరికిందంటే... కరీబియన్ సముద్రంలోని కేమన్ దీవుల్లో! అక్కడి చట్టం వేరు. రోగి విమానమెక్కేది మెరుగైన వైద్యం కోసమని అనుకుంటాం. చాలాసార్లు మెత్తటి చట్టం కోసం ఎక్కుతున్నాడన్నమాట.

జపాన్‌ది ఇంకో దారి. 2014 నవంబరులో అక్కడ పునరుత్పత్తి వైద్యానికి ప్రత్యేక చట్టం అమల్లోకి వచ్చింది. గుర్తింపు పొందిన కమిటీ పరిశీలించాక, క్లినిక్ తన ప్రణాళికను ప్రభుత్వానికి సమర్పించి వైద్యం చేయొచ్చు. కొవ్వులోంచి తీసి పెంచిన కణాలను మోకాలికి ఎక్కించడమూ అందులోకే వస్తుంది. పద్ధతి ప్రకారం చేస్తున్నారా, జాగ్రత్తలు తీసుకుంటున్నారా అన్నది చూస్తారు. పనిచేస్తుందని పెద్ద పరీక్షలతో రుజువు చేసి రమ్మనరు. పక్కనున్న కొరియా నుంచి ఎంతమంది జపాన్ వెళ్ళారంటే, చివరికి కొరియా ప్రభుత్వమే తన చట్టాన్ని సడలించింది. 2025 ఫిబ్రవరి నుంచి కొన్ని షరతులతో కణచికిత్సలకు అక్కడా దారి తెరిచారు.

ఇక పేరున్నవాళ్ళ ప్రయాణాలు. వీటికి వచ్చినంత ప్రచారం దేనికీ రాదు. బాస్కెట్‌బాల్ వీరుడు కోబీ బ్రయంట్ మోకాలి బాధతో 2011లో జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ వెళ్ళాడు. అక్కడ పీటర్ వేలింగ్ అనే డాక్టరు ఆయన రక్తం తీసి, కాస్త వెచ్చగా ఉంచి, వడగట్టిన ద్రవాన్ని మోకాల్లోకి ఎక్కించారు. ఆ తర్వాత ఏడాది కోబీ ఆట చూసి ఇంకెందరో ఆటగాళ్ళు జర్మనీ దారి పట్టారు. నిజానికి అందులో మూలకణాలే లేవు. అప్పటికి కోబీకి 32 ఏళ్ళు. కండ ఉక్కు. వెంట ఫిజియోథెరపీ చేయించే మనుషులు. పెద్దమ్మకి ఉన్నది ఒక్క పనిమనిషి, ఆవిడా ఆదివారం రాదు.

గూస్ హిడింక్ కథ మరీ ముఖ్యం. 2002 ప్రపంచకప్ ఫుట్‌బాల్‌లో కొరియాను సెమీఫైనల్స్‌కి చేర్చిన డచ్ కోచ్. మోకాలు అరిగి కుంటుతున్న ఆయన 2014లో సియోల్ వెళ్ళి వైద్యం చేయించుకున్నాడు. బొడ్డుతాడు రక్తంలోని మూలకణాలతో చేసిన కార్టిస్టెమ్ అనే మందది. 2012లో కొరియా ప్రభుత్వం అనుమతించింది. అయితే ఇది ఇంజెక్షను కాదు. మోకాలు తెరిచి, ఎముకకి రంధ్రాలు చేసి, వాటిలో మందు నింపుతారు. అచ్చంగా ఆపరేషనే! ‘కోత లేదు, కుట్లు లేవు’ అని ఊరించే క్లినిక్‌లు కూడా తమ గోడమీద హిడింక్ కథ చెబుతుంటే ఏమనుకోవాలి?

ఉప్పునీళ్ళ దెబ్బ

మరి గుణం కనిపించిందని చెప్పేవాళ్ళందరూ అబద్ధాలాడుతున్నారా? లేదు. వాళ్ళకి నిజంగానే నొప్పి తగ్గి ఉండొచ్చు. అసలు చిక్కంతా అక్కడే.

2002లో హ్యూస్టన్‌లో ఓ విచిత్రమైన పరీక్ష జరిగింది. మోకాలి అరుగుదల ఉన్న 180 మందిని తీసుకున్నారు. కొందరికి దూర్బీను పెట్టి మోకాలు శుభ్రం చేశారు. కొందరికి చర్మం మీద ఉత్తుత్తి గాట్లు పెట్టి కుట్టేసి పంపారు. ఎవరికేం చేశారో రోగులకి చెప్పలేదు. రెండేళ్ళు చూశారు. ఉత్తుత్తి ఆపరేషనైన వాళ్ళకీ నొప్పి అంతే తగ్గింది! మోకాలి నొప్పికి ఆటుపోట్లున్నాయి. బాగా ముదిరినప్పుడే మనం డాక్టరు దగ్గరకి పరిగెడతాం. ఆ తర్వాత అది ఎలాగూ కొంత దిగుతుంది. దానికి నమ్మకం తోడవుతుంది. నమ్మకానికి పద్నాలుగు లక్షలు, రెండు విమానాలు కూడా తోడైతే ఇక చెప్పేదేముంది?

అందుకే పోల్చి చూసిన పరీక్షలే నమ్మాలి. రక్తంలోని ప్లేట్‌లెట్లు చిక్కబరిచి ఎక్కించే పీఆర్పీ మన ఊళ్ళలోనూ బాగా నడుస్తోంది. ఆస్ట్రేలియాలో 288 మందికి సగం మందికి పీఆర్పీ, సగం మందికి ఉప్పునీళ్ళు ఎక్కించి ఏడాది చూశారు. నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా లేదని 2021లో ప్రకటించారు. మూలకణాల మీద పెద్ద పరీక్ష అమెరికాలో జరిగింది. 2023 నవంబరులో ఫలితాలొచ్చాయి. దాదాపు 475 మంది. కొందరికి మజ్జ కణాలు, కొందరికి కొవ్వు కణాలు, కొందరికి బొడ్డుతాడు కణాలు, మిగిలిన వాళ్ళకి మన దగ్గర ఏ ఎముకల డాక్టరైనా ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షను. ఏడాది తర్వాత చూస్తే మూడు రకాల కణాల్లో ఏదీ ఆ స్టెరాయిడ్‌ని మించలేదు. 2025లో కొక్రేన్ సంస్థ అప్పటిదాకా వచ్చిన పరీక్షలన్నీ జల్లెడ పట్టి, నొప్పి కాస్త తగ్గొచ్చేమో, అదీ గట్టిగా చెప్పలేమంది.

కణాల వల్ల లాభం లేదంటే సరే, నష్టమూ లేదుగా అనుకోవడానికి వీల్లేదు. కొలరాడోకి చెందిన ఒకాయన 2022లో మెక్సికో వెళ్ళి మోకాళ్ళ అరుగుదలకు మూలకణాలు ఎక్కించుకున్నాడు. ఇంటికొచ్చాక మోకాళ్ళలో మొండి బ్యాక్టీరియా చేరినట్టు తేలింది. మెక్సికోలో ఇలాంటి వైద్యమే చేయించుకుని అదే జాతి క్రిమి బారిన పడ్డ ముగ్గురి సంగతి 2024లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం బయటపెట్టింది. ఆ క్రిమి మామూలు యాంటీబయాటిక్స్‌కి లొంగదు. నెలల తరబడి మందులు వాడాలి.

కొరియాలో జరిగిన ఇన్వోసా కథ వింటే ఒళ్ళు జలదరిస్తుంది. మోకాలి అరుగుదలకు జన్యుచికిత్సగా 2017 జులైలో దానికి అనుమతి వచ్చింది. దేశమంతా గర్వపడింది. గుజ్జు కణాలకే కొత్త జన్యువు చేర్చి మోకాల్లోకి పంపుతున్నామని చెప్పారు. అమెరికాలో పరీక్షల కోసం ఆ కణాలను మళ్ళీ తరచి చూస్తే 2019లో నిజం బయటపడింది. జన్యువు చేర్చిన ఆ కణాలు గుజ్జువి కానేకావు. ప్రయోగశాలల్లో దశాబ్దాలుగా పెంచుతున్న మూత్రపిండ కణాల సంతతి! అవి కణితులకు దారితీసే ప్రమాదం ఉన్న రకం. అప్పటికే మూడువేల మందికి పైగా ఎక్కించేశారు. మందుకి అనుమతి రద్దయింది. వేయించుకున్నవాళ్ళని 15 ఏళ్ళపాటు గమనిస్తూ ఉండాలని ప్రభుత్వం ఆదేశించింది. గమనించుకోండి, ఇది సందులో క్లినిక్ కాదు, ప్రభుత్వ ముద్ర పడిన మందు. అదే ఏ అనుమతీ లేని చోట సీసాలో ఏముందో ఎవరు చూస్తారు?

ఇటువైపు చూస్తే...

మన దేశంలో రక్తవ్యాధులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగతావన్నీ ప్రయోగాలేనని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో స్పష్టంగా రాసింది. ప్రయోగమన్నాక రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఆ తర్వాత 2022లో బెంగళూరు సంస్థ తయారుచేసిన ఒక మూలకణ ఇంజెక్షనుకి మాత్రం మోకాలి అరుగుదల మీద వాడేందుకు అనుమతి దొరికింది. ఎముక మజ్జ దాతల నుంచి తీసిన కణాలవి. అదీ రెండు, మూడు దశల్లో ఉన్నవాళ్ళకే. అంటే పనిచేస్తుందో లేదో చూడాలన్నా సముద్రాలు దాటక్కర్లేదు, బెంగళూరు రైలెక్కితే చాలు.

అన్నట్టు దశలంటే గుర్తొచ్చింది. ఎక్స్‌రేలో అరుగుదలను సున్నా నుంచి నాలుగు దాకా లెక్కగడతారు. పెద్దమ్మ ఎక్స్‌రే తీసుకెళ్ళి గుంటూరులో ఎముకల డాక్టరు గారికి చూపిస్తే ఆయన పెన్నుతో లోపలివైపు గీత చూపించారు. ఎముక మీద ఎముక కూర్చుంది. మధ్యలో సందు లేదు. నాలుగో దశ. కాళ్ళు దొడ్డికాళ్ళయింది అందుకే. ‘‘ఇక్కడ కణాలు పోసినా నిలవడానికి జాగా ఏదమ్మా?’’ అన్నారాయన. ఇదే ఎక్స్‌రే అన్నయ్య ఆ విదేశీ క్లినిక్‌కీ పంపించాడు. ‘మీ అమ్మగారు మా వైద్యానికి చక్కగా సరిపోతారు’ అని రెండ్రోజుల్లో జవాబొచ్చింది!

మిగిలింది మోకాలి మార్పిడి. పెద్దమ్మకి ఆ మాటంటేనే భయం. పక్కవీధిలో ఒకావిడ చేయించుకుని ఆర్నెల్లు మంచం దిగలేదు. ఆ భయాన్ని తీసిపారేయలేం. మార్పిడి చేయించుకున్న ప్రతి అయిదుగురిలో ఒకరు తృప్తిగా లేమంటున్నారు. కింద కూర్చోవడం కష్టమే. కానీ ఇందులో లెక్కలు చాలాకాలంగా రాసి ఉన్నాయి. అమర్చిన మోకాళ్ళలో దాదాపు 82 శాతం పాతికేళ్ళూ నిలుస్తున్నాయని 2019లో ఓ పెద్ద అధ్యయనం తేల్చింది. 2000 సంవత్సరంలో ప్రధాని వాజ్‌పేయి ఎడమ మోకాలు మార్పించుకున్నది విదేశంలో కాదు, ముంబయిలోనే. న్యూయార్క్‌లో స్థిరపడ్డ చిత్తరంజన్ రణావత్ అనే మన డాక్టరే విమానమెక్కి వచ్చారు! మరుసటి ఏడాది కుడి మోకాలూ అలాగే అయింది. ఖర్చు సంగతికొస్తే, లక్షన్నర పైగా పలికే కృత్రిమ మోకాలికి 2017 ఆగస్టులో కేంద్రం పగ్గం వేసింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకం ధరను పన్ను కాకుండా 54,720 రూపాయలకు కట్టడి చేసింది.

డాక్టరు గారు ఇంకో మాట చెప్పారు. కిలో బరువు తగ్గితే అడుగుకి నాలుగు కిలోల భారం మోకాలి మీద తగ్గినట్టేనట. పెద్దమ్మ ఆయన వంక చూసి ఏమీ అనలేదు. బయటికొచ్చాక మాత్రం ‘‘అన్నం మానేయమంటాడు, ఇంతకన్నా ఆ సముద్రం ఒడ్డు డాక్టరే నయం’’ అంది.

నాలుగు ప్రశ్నలు

అన్నయ్య ఒక పట్టాన ఒప్పుకోలేదు. అమ్మ బాధ చూడలేని కొడుకు, దూరాన ఉన్నవాడు. వాడి ఆత్రం వాడిది. ఫోన్లో గొడవపడి చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. క్లినిక్‌కి ఉత్తరం రాద్దాం, జవాబు చూసి నిర్ణయిద్దామని. అందులో అడిగినవి ఇవే. ఈ కణాలకు మీ దేశ ప్రభుత్వం ఇచ్చిన అనుమతి కాగితం పంపగలరా? నాలుగో దశలో ఉన్న ఎంతమందికి చేశారు, రెండేళ్ళ తర్వాత వాళ్ళెలా ఉన్నారు? ఉప్పునీళ్ళతోగానీ స్టెరాయిడ్‌తోగానీ పోల్చి చూశారా? ఇంటికొచ్చాక మోకాలు వాచి చీము పడితే ఇక్కడ చూసే డాక్టరెవరు, ఖర్చెవరిది?

వారం తర్వాత జవాబొచ్చింది. అనుమతి కాగితం బదులు, అమెరికా ప్రభుత్వం నడిపే పరీక్షల పట్టికలో తమ పేరుందని ఒక నంబరు ఇచ్చారు. ఆ పట్టికలో ఎవరైనా నమోదు చేసుకోవచ్చు, చేరినంత మాత్రాన ఎవరూ మెచ్చుకున్నట్టు కాదు. రెండేళ్ళ లెక్కల బదులు ఇంకో ఆరుగురి ఫొటోలు, వాళ్ళ మాటలు పంపారు. పోలిక సంగతి ఎత్తలేదు. చీము ప్రశ్నకి జవాబే లేదు. నెలాఖరులోపు డిపాజిట్ కడితే పదిశాతం తగ్గిస్తామని మాత్రం ముదురు అక్షరాల్లో రాశారు.

అది చదివి అన్నయ్య చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ‘‘సరే, హైదరాబాద్‌లో ఇంకో డాక్టర్‌కి కూడా చూపిద్దాం. నేనే వస్తా’’ అన్నాడు. అక్కడి నుంచి ఇక్కడికి టిక్కెట్టు కొన్నాడు. స్థలం కాగితాలు మళ్ళీ బీరువాలోకి వెళ్ళాయి.

పెద్దమ్మ మాత్రం ఆపరేషనుకి ఇంకా ఊ అనలేదు. సంక్రాంతి వెళ్ళనీ అంటోంది. పోయిన ఆదివారం వెళ్ళేసరికి మంచం మీద కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. మోకాలి కింద చుట్టిన తువ్వాలు. దాన్ని మోకాలితో కిందకి నొక్కి, అయిదు లెక్కపెట్టి వదలాలి. అలా పూటకి ఇరవైసార్లని గుంటూరు డాక్టరు గారి పురమాయింపు.

‘‘ఎన్నయ్యాయి పెద్దమ్మా?’’ అన్నాను.

‘‘పన్నెండో పదమూడో. సీరియల్లో పడి లెక్క తప్పాను. మళ్ళీ మొదటినించీ చేస్తాలే, ప్రకటనలు రానీ’’ అంది.